వరుసలో ఎనిమిదో మనిషి

పోయిన వారం కథ గుమ్మంలో ఆగింది, రెండు ఎడమచేతులు కలుసుకున్న చోట.

బడిలో గైడ్స్ దళాన్ని చూసే టీచర్ శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చింది. తలుపు తీసిన ఇల్లాలికి నమస్కారం పెట్టలేదు, కుడిచెయ్యీ ఇవ్వలేదు. ఎడమచెయ్యి చాచింది. గైడ్స్‌లో ఉన్నవాళ్లు ఒకరినొకరు పలకరించుకునే పద్ధతి అది. తెలియనివాళ్లయితే తికమకపడి కుడిచెయ్యే ఇస్తారు. ఈమె తికమకపడలేదు. ఈమె ఎడమచెయ్యి ఈమె కంటే ముందు లేచి వెళ్లి ఆ చేతిని పట్టుకుంది. "నాకా గైడ్సూ గీడ్సూ ఏమీ తెలియవు" అని కూతురితో మూడేళ్లుగా చెబుతూ వచ్చిన మాట ఆ ఒక్క పలకరింపుతో అబద్ధమైపోయింది.

కూతురు వెనకే నిలబడి చూసింది. ఇంట్లో ఆ పిల్లని పిచ్చుక అంటారు. తొమ్మిదో తరగతి. కాలూ నిలవదు, నోరూ నిలవదు.

"అమ్మా! నువ్వు ఎడమచెయ్యి ఇచ్చావు!"

"చెయ్యి ఖాళీగా ఉంది, ఇచ్చాను."

"కుడిచెయ్యి కూడా ఖాళీగానే ఉందిగా?"

"నోరు ఖాళీగా ఉందని నువ్వు వాగట్లా? వెళ్లి టీచర్‌గారికి మంచినీళ్లు తే."

పిచ్చుక వంటింట్లోకి వెళ్లింది గానీ, చెవులు రెండూ ముందుగదిలోనే వదిలి వెళ్లింది.

టీచర్ కూర్చోబోతూ కుర్చీ కాలు వంక చూసింది. ఎప్పుడో విరిగిన కాలు. చిన్న కర్రముక్క జతచేసి, తాడు వరసవారీగా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా కట్టి ఉంది. వడ్రంగికి కబురు చేసే లోపల వాడుకుందామని ఆరేళ్ల క్రితం కట్టిన కట్టు. వడ్రంగి ఇప్పటికీ రాలేదు. ఆ అవసరమూ రాలేదు.

"ఈ కట్టు ఎవరు కట్టారు?"

"మా ఆయన" అంది ఆమె.

"నాన్నకి బూటు తాడే సరిగా కట్టుకోవడం రాదు" అని వంటింట్లోంచి వినిపించింది.

టీచర్ నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీసి బల్లమీద పరిచింది. మూడు రోజుల శిబిరానికి తల్లిదండ్రుల అనుమతి. అందులో సంతకాలకి రెండు గీతలున్నాయి. పిల్ల శిబిరానికి రావడానికి ఒకటి, ఎనిమిది మంది చిన్నపిల్లల గుంపుకు లీడర్‌గా ఉండటానికి ఇంకొకటి. మొదటి గీత మీద సంతకం ఉంది. రెండో గీత పది రోజులుగా ఖాళీగా ఉంది.

"ఇవాళ సాయంత్రం ఐదింటికి జాబితా పంపాలండీ. ఇది మర్చిపోయి వదిలేశారేమో అనుకున్నాను. కానీ మీ అమ్మాయేమో, మా అమ్మ ఏదీ మర్చిపోదు, తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూస్తుంది అంటుంది."

"మర్చిపోలేదు. కావాలనే పెట్టలేదు."

"ఎందుకో చెప్పండి."

"దానికి పద్నాలుగేళ్లండీ. దాని దువ్వెన ఎక్కడుందో దానికే తెలీదు. దాని చేతిలో ఎనిమిది మంది పిల్లల్ని పెడతారా?"

నీళ్ల గ్లాసుతో వచ్చిన పిచ్చుక అక్కడే ఆగింది. "దువ్వెన పోతే ఇంకోటి కొనుక్కుంటాం. అందుకే దాన్ని పట్టించుకోనమ్మా. పిల్లల్ని పట్టించుకుంటాను."

"నువ్వు పట్టించుకున్నా పోతారు!"

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే, పిచ్చుక చేతిలో గ్లాసు తొణికింది. తల్లికే సిగ్గేసింది. పైటచెంగుతో బల్లమీద పడ్డ నీళ్లు తుడిచింది. ఒకసారి తుడిచి, మళ్లీ ఇంకోసారి తుడిచింది.

అది ఆమె అలవాటు. ఆమె పనిచేసే మందుల షాపులో ఆమెకి రెండో లెక్క అని పేరు పెట్టారు. పది మాత్రలు ఇమ్మంటే పది లెక్కపెట్టి పొట్లంలో వేస్తుంది, మళ్లీ బయటికి తీసి పది లెక్కపెడుతుంది. ఆమె భర్త మాటల్లో చెప్పాలంటే, ఈ ఇంట్లో కూరలో ఉప్పు ఒక్కసారే పడటం దేవుడి దయ. కిందటేడు షాపులో ఒక పెద్దాయన కుప్పకూలిపోతే, అందరూ కేకలు పెడుతుంటే ఈమె ఒక్కతే ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి, మెడ దగ్గర బట్ట వదులు చేసి, ఇద్దర్ని డాక్టర్ కోసం రెండు వైపులకి పంపింది. ఇదంతా చూసిన ఓనరు షాపు మొత్తం మీరే చూసుకోండమ్మా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ వద్దంది. పని ఎంతైనా చేస్తుంది, నలుగురి బాధ్యత మాత్రం నెత్తిన పెట్టుకోదు. ఎందుకని అడిగిన వాళ్లకి నవ్వు ఒక్కటే జవాబు.

టీచర్ నీళ్లు తాగి, గ్లాసు బల్లమీద మెల్లగా పెట్టింది.

"రెండు నెలల క్రితం పిల్లలకి ముడులు నేర్పిస్తున్నానండీ. మీ అమ్మాయి పక్కనున్న చిన్నపిల్లకి చెబుతోంది, అక్క మీద చెల్లి, చెల్లి మీద అక్క, లాగితే బిగువు, నెడితే వదులు, ముడి పక్కా అని. ఇది ఎవరు నేర్పారే అని అడిగాను. మా అమ్మ నాకు జడ రిబ్బను కట్టేటప్పుడు పాడేది టీచర్ అంది."

ఆమె తడిసిన పైటచెంగు పిండుకుంది.

"ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదండీ. నేను చాలా వెతికాను. అది ఒకే ఒక్క అమ్మాయి కట్టిన పాట. నాకు పదేళ్లప్పుడు నా చేతులు పట్టుకొని ఆ పాటతోనే ముడి వెయ్యడం నేర్పింది. వరుసలో అందరికంటే పొట్టిదాన్ని నేనే. ఎప్పుడూ చివర్న నిలబడేదాన్ని. నాకు తోక అని పేరు."

ఆమె టీచర్ ముఖంలోకి చూసింది. ఆ గడ్డం, ఆ పల్చటి కనుబొమ్మలు. ఇరవయ్యారేళ్లు మీద పడ్డాయి గానీ, ఏదైనా గట్టి మాట చెప్పబోయే ముందు పెదవి కొరుక్కునే ఆ అలవాటు అలాగే ఉంది.

"తోకా?" అంది.

"అవును లీడరక్కా."

ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. ఆమె మంచం అంచు మీద కూర్చుంది. పిచ్చుక వచ్చి పక్కన కూర్చుని తల్లి మోచెయ్యి పట్టుకుంది.

"నిన్ను కొండమీద వదిలేసి వచ్చాను" అంది ఆమె. కూతురితో కాదు, టీచర్‌తో. "లెక్క తప్పు పెట్టి నిన్ను వదిలేసి వచ్చాను. నువ్వు దొరికావని విని, ఎలా ఉన్నావో చూద్దామని మీ ఇంటికొచ్చాను. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారన్నారు. నీకేమైందో ఇన్నేళ్లూ..."

"నాకేమీ కాలేదక్కా. చూడు, ఎలా ఉన్నానో. కుర్చీలో పట్టట్లేదు."

పిచ్చుక పుసుక్కున నవ్వి, తల్లి వంక చూసి నోరు మూసుకుంది.

జరిగింది ఇది. అప్పుడు ఆమెకి పదమూడేళ్లు దాటి పద్నాలుగు. బడి వెనక ఉన్న కొండకి రెండు గుంపులు నడిచి వెళ్లాయి. ఒక గుంపుకి ఈమె లీడర్, ఎనిమిది మంది పిల్లలు. దిగేటప్పుడు వాన పట్టుకుంది. అందరికీ తల మీద నుంచి మోకాళ్ల దాకా ఒకే రంగు వానకోట్లు. కొండ కింద రెండు వ్యాన్లు ఆగి ఉన్నాయి. ఎక్కించే ముందు ఈమె వరుస పక్కన నడుస్తూ, వాళ్లకి నేర్పినట్టే ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. ఎనిమిది. అందరూ ఎక్కారు. బడి దగ్గర దిగితే ఏడుగురే ఉన్నారు.

"పెద్ద టీచర్ అడిగింది, నిన్ను కూడా కలుపుకొని లెక్కపెట్టావా అని" అంది ఆమె. "నాకేం తెలుస్తుంది? ఎనిమిది వచ్చిందన్నది నిజం, ఏడుగురున్నారన్నదీ నిజం. మరి ఒకటి ఎక్కడినించి వచ్చింది? నేనే అయ్యుండాలిగా. అవునేమో అన్నాను. మర్నాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ నా మెడలో స్కార్ఫూ ఈలా తీసేసుకున్నారు."

"అది నాకు తెలియదక్కా. ఒట్టు. మూడు గంటల తరవాత నన్ను వెతికి పట్టుకున్నారు. ఆ వారంలోనే నాన్న వేరే ఊరికి మకాం మార్చేశాడు. టీచర్‌గా ఈ బడికే తిరిగొస్తాననీ, పాత బీరువాలో దళం పుస్తకం చేతికి దొరుకుతుందనీ కలగన్నానా? లీడర్ తనను కలుపుకొని లెక్కించినందున తొలగించడమైనది అని రాసుంది. అది చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను."

"ఎందుకు? రాసింది నిజమేగా."

"వాన కురుస్తోంది, ఎటూ కనబడట్లేదు. నాకేం గుర్తొచ్చిందో తెలుసా? తప్పిపోతే నడవకూడదు, ఉన్నచోటే ఉండాలి. రాయికి ఆనుకొని కూర్చోవాలి. ఈల ఉంటే మూడుసార్లు ఊది, వంద లెక్కపెట్టి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. ఇవన్నీ నువ్వు చెప్పినవేగా? నా ఈల విని నన్ను పట్టుకున్నారు. కింద వాగు పొంగింది. ఏడుస్తూ నడుచుకుంటూ దిగుంటే నేను వాగులో పోయేదాన్ని. అందుకే నేను గైడ్ టీచర్ని అయ్యాను. పదిహేనేళ్లుగా ఎంతమంది పిల్లలకి నీ పాటలతో ముడులు నేర్పానో. నువ్వేమో ఆ పేరు చెబితేనే తలుపేసుకుంటున్నావు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "నిన్ను నువ్వే కాపాడుకున్నావు. నా తప్పు మాత్రం తప్పే."

టీచర్ పెదవి కొరుక్కుంది.

"తప్పు లేదు. అది చెప్పడానికే వచ్చాను. ఎనిమిది సరైన లెక్క. నిన్ను నువ్వు కలుపుకోలేదు. వరుసలో ఎనిమిది మందీ ఉన్నారు. నేను మాత్రం లేను."

"అదెలా?"

"రెండో గుంపులో ఒక పెద్ద అమ్మాయి కొండమీద తన ఫ్లాస్కు మర్చిపోయింది. నన్ను పరిగెత్తుకెళ్లి తెమ్మంది. ఐదు నిమిషాల్లో వచ్చేస్తావు, అంతదాకా నీ చోట్లో నేను నిలబడతాను, ఎవరికీ చెప్పకు అంది. వాళ్ల గుంపు లెక్క అప్పటికే అయిపోయింది, నీ లెక్కయ్యాక జారుకుని తన వ్యానెక్కేసి ఉంటుంది. పెద్దమ్మాయిలు పని చెబితే మాకు అదొక గొప్ప. పరిగెత్తాను. పైకి వెళ్లాక దారి కనబడలేదు. దొరికాక ఎవరడిగినా దారి తప్పానని మాత్రమే చెప్పాను."

ఆమె తన కుడి అరచేతిని ఒళ్లో తెరిచి పెట్టుకుని, అక్కడేదో ఉన్నట్టు చూసింది.

"వంగి ఉంది" అంది మెల్లగా. "చివర్న. వంగి బూటు తాడు కట్టుకుంటోంది. భుజం అందలేదు. వీపు మీద చెయ్యి వేసి ఎనిమిది అన్నాను. కోటు కింద వీపు వెచ్చగా తగిలింది. తరవాత అందరూ, నీ భ్రమ అది, అక్కడ ఎవరూ లేరన్నారు. నేనూ భ్రమే అనుకున్నాను. నా చేతినే నేను నమ్మలేదు."

"అది భ్రమ కాదక్కా."

పిచ్చుక ఇక ఆగలేకపోయింది. "అమ్మా, మరి మొహం చూడలేదా?"

"లేదే. మాకు భుజం మీద చెయ్యి వేసి లెక్కపెట్టమనే నేర్పారు. మొహం చూడాలని ఎవరూ చెప్పలేదు." ఆమె కూతురి వైపు తిరిగింది. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు. "నువ్వెలా లెక్కపెడతావు?"

"నువ్వు బస్సెక్కేటప్పుడు మమ్మల్ని లెక్కపెడతావు చూడు, అలాగే. ముందునించి ఒకసారి, వెనకనించి ఒకసారి. పేరు పిలుస్తాను, వాళ్లు పలకాలి."

"తల మీద ముసుగుంటే?"

"తీయిస్తాను."

"వాన కురుస్తుంటే?"

"తడిస్తే తుడుచుకుంటారు."

"వంగి ఉంటే?"

"లేచేదాకా నిలబడతాను. లేవకపోతే..." పిచ్చుక ఆలోచించింది. "చక్కిలిగిలి పెడతాను."

తల్లికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నీ గుంపులో పిల్లని ఎవరైనా పెద్దవాళ్లు పని మీద పంపుతానంటే?"

"ముందు నాకు చెప్పాలి. నాకు చెప్పకుండా ఎవరు పంపినా ఊరుకోను. టీచర్ పంపినా సరే."

"విన్నావా?" అంది ఆమె టీచర్‌తో.

"రేపటినుంచి నా కొలువు గల్లంతే" అంది టీచర్.

ఆమె లేచింది. అద్దం పక్కన పెన్ను తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఖాళీ గీత వంక చూసింది. సంతకం పెట్టాక చిత్రంగా రెండోసారి చూసుకోలేదు. కాగితం మడిచి టీచర్ చేతికిచ్చేసింది.

పిచ్చుక ఎగిరి గంతేసి మెడకి చుట్టుకుంది. "అమ్మా, నువ్వు కూడా శిబిరానికి రావచ్చుగా? పెద్దవాళ్లు ఒకరు తక్కువున్నారని టీచర్ అంటున్నారు."

"ముందు నన్ను ఊపిరి పీల్చుకోనీవే."

ఊపిరి నిజంగానే కొత్తగా ఉంది. ఛాతీ మీద బిందె దించినట్టుంది. దించాక గాని అది ఎంత బరువో తెలియలేదు. అయితే తేలికపడ్డ చోటే ఇంకొకటి వేడిగా మొలిచింది. స్కార్ఫు తీసేస్తున్నప్పుడు ప్రార్థన మైదానంలో ఆ పెద్ద అమ్మాయి కూడా ఉండే ఉంటుంది. అన్నీ తెలిసి, చూస్తూ నిలబడే ఉంటుంది.

"ఆ అమ్మాయి ఎవరు?" అంది.

టీచర్ కాగితం సంచిలో పెట్టుకుంటూ ఆగిపోయింది. "పేరు గుర్తుంది. కానీ నేను ఇక్కడికి వచ్చింది ఆ పేరు చెప్పడానికి కాదక్కా. వచ్చేటప్పుడు చెప్పకూడదనే అనుకున్నాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చెప్పకుండా ఎలా వెళ్లాలో తెలియట్లేదు." టీచర్ పిచ్చుక వంక చూసి, గొంతు తగ్గించింది. "ఇందాక మీ మెట్ల దగ్గర ఒకావిడ ఎదురైంది. పైనించి దిగుతోంది. నన్ను చూసి, నా మెడలో స్కార్ఫు చూసి, గోడకి ఆనుకుపోయింది. నేను ఆవిణ్ణి గుర్తుపట్టాను. నన్ను కూడా గుర్తుపట్టింది. మాట్లాడకుండా మళ్లీ పైకి ఎక్కేసింది."

పై వాటాలో ఉండేది ఒక్కరే. భర్తకి అక్క. ఈ ఇంట్లో ప్రతిదాని మీదా అభిప్రాయం ఉన్న మనిషి, తలుపు రంగు నుంచి పిచ్చుక మార్కుల దాకా. గైడ్స్ ఊసు వస్తే మాత్రం తలనొప్పని మేడెక్కిపోతుంది. ఈమె కంటే బళ్లో రెండు తరగతులు పైన చదివింది. పదహారేళ్ల క్రితం మా తమ్ముడికి ఈ పిల్లనే చేసుకోవాలి, ఇంకొకరైతే పెళ్లికే రానని భీష్మించుకు కూర్చుంది కూడా ఆవిడే. ఏం చూసి అంత పట్టుబట్టిందో ఈ ఇంట్లో ఎవరికీ అంతుబట్టలేదు. పురిట్లో పక్కన కూర్చుంది, జ్వరమొస్తే తడిగుడ్డలు వేసింది. నా కడుపున పుట్టినా ఇంత చూసుకోను అనేది.

ఆమె మనసులో ఆ పదహారేళ్లూ ఒక్కొక్కటిగా తిరగబడుతున్నాయి. ప్రతి మంచిమాటనీ వెనక్కి తిప్పి చూడాల్సి వస్తోంది. అది ప్రేమా? తీర్చుకుంటున్న బాకీనా? రెండూనా?

మేడమెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టు దిగి, ఆగి, మరో మెట్టు. పిచ్చుక అలవాటుకొద్దీ "అత్త వస్తోంది" అని, ఇద్దరి ముఖాలూ చూసి తల్లి పక్కకి జరిగింది.

తలుపు ఓరగా తెరుచుకుంది. వదిన లోపలికి రాలేదు. సందులోంచి ముఖం సగమే కనబడుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఎప్పుడూ చెదరని ముడి ఊడి భుజం మీద పడి ఉంది.

"ఆ టీచరు వెళ్లిపోయిందామ్మా?" అంది.

టీచర్ లేవబోయింది. ఆమె చెయ్యి చాచి టీచర్‌ని మళ్లీ కూర్చోబెట్టింది. తరవాత ఇంకో కుర్చీ లాగి, ఇద్దరికీ ఎదురుగా వేసింది.

"లేదు వదినా. నీ కోసమే ఆగింది."